న్యోస్ సరస్సు నీరు చెప్పిన సాక్ష్యం: అగ్నిపర్వత బిల సరస్సుల రసాయనం, వాటిలోని వాయువుల పుట్టుక

సభకు నమస్కారం.

1986 ఆగస్టు 21వ తేదీ రాత్రి తొమ్మిది గంటల వేళ, ఆఫ్రికాలోని కామెరూన్ దేశపు వాయవ్య కొండల్లో ఉన్న న్యోస్ సరస్సు నుంచి ఒక వాయువు పొంగి, లోయల వెంట పల్లానికి దిగి, తెల్లవారేసరికి 1,700 మందికి పైగా మనుషులను, సుమారు 3,500 పశువులను పొట్టన పెట్టుకుంది. న్యోస్, కామ్, చా, సుబుమ్ అనే ఊళ్లలో జనం రాత్రి భోజనాలు ముగించి నిద్రకు ఉపక్రమిస్తున్న సమయమది. సరస్సుకు పాతిక కిలోమీటర్ల దూరాన ఉన్నవాళ్లు కూడా కొందరు ప్రాణాలు కోల్పోయారు. మర్నాడు అక్కడికి చేరినవాళ్లకు ఇళ్లు చెక్కుచెదరకుండా కనిపించాయి, చెట్లు పచ్చగానే ఉన్నాయి, బూడిద లేదు, లావా లేదు. శవాల చుట్టూ ఈగలు కూడా లేవు, ఎందుకంటే ఈగలు సైతం చచ్చిపోయాయి. ఎప్పుడూ నీలంగా కనిపించే సరస్సు మాత్రం తుప్పు రంగుకు తిరిగి ఉంది, నీటిమట్టం సుమారు ఒక మీటరు పడిపోయింది, దక్షిణపు ఒడ్డున పాతిక మీటర్ల ఎత్తు దాకా చెట్టూ చేమా కొట్టుకుపోయాయి.

బతికి బయటపడ్డవాళ్లు చెప్పిన మాటల్లో ఒకటి నా మనసులో బాగా నాటుకుంది. దీపంలో నూనె ఉండగానే దీపం ఆరిపోయిందని వాళ్లన్నారు. ఈ మాట విన్నప్పుడు మన పల్లెల్లో పాడుబడ్డ బావిలోకి దిగే ముందు పెద్దలు చేసే పని గుర్తుకు వచ్చింది. తాడుకు లాంతరు కట్టి బావిలోకి దించుతారు. దీపం వెలుగుతూ ఉంటే మనిషి దిగుతాడు, ఆరిపోతే ఎవరినీ దిగనివ్వరు. బావి అడుగున చేరేది కూడా చాలాసార్లు ఈ వాయువే, కార్బన్ డయాక్సైడ్, మన పాత పుస్తకాల్లోని బొగ్గుపులుసు వాయువు. గాలి కంటే ఇది ఒకటిన్నర రెట్లు బరువు, అందుకే పల్లం వెతుక్కుంటుంది. బావిలో అది కొన్ని నిలువుల లోతున ఉంటుంది; న్యోస్ రాత్రి లోయ మొత్తం అటువంటి బావి అయింది.

ఇంత వాయువు ఎక్కడి నుంచి వచ్చింది? నేటి ప్రసంగమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అప్పట్లో శాస్త్రజ్ఞులు రెండు పక్షాలుగా విడిపోయారు. సరస్సు అడుగున అగ్నిపర్వతం పేలిందని, ఆ పేలుడే వాయువును తెచ్చిందని ఒక పక్షం వాదించింది. ప్రసిద్ధ అగ్నిపర్వత శాస్త్రజ్ఞుడు హరూన్ తాజియెఫ్ ఆ పక్షాన నిలిచాడు. పేలుడేమీ జరగలేదని, ఏళ్ల తరబడి అడుగు నీటిలో కరిగి పేరుకున్న వాయువు ఒక్కసారిగా బయటపడిందని రెండో పక్షం వాదించింది. 1987 మార్చిలో కామెరూన్ రాజధాని యావుండేలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో ఈ రెండు వాదాలూ గట్టిగానే తలపడ్డాయి. ఇది పండితుల పట్టుదల మాత్రమే అనుకుంటే పొరపాటు. పేలింది అగ్నిపర్వతమే అయితే మనం చేయగలిగిందల్లా జనాన్ని దూరంగా తరలించి కాచుకోవడమే. వాయువు నీటిలో నిలవ ఉన్నది అయితే ఆ నిలవను ఖాళీ చేసే దారి ఉంటుంది. అంటే ఆ ఊళ్ల భవిష్యత్తు ఒక సీసాడు నీటిలో ఏముందన్న దాని మీద ఆధారపడింది.

ఆ సీసాలో ఏముందో చూసే ముందు, అగ్నిపర్వతం ఒక సరస్సుకు సాధారణంగా ఏమిస్తుందో తెలుసుకోవాలి. భూగర్భంలో కరిగిన రాయిని, అంటే మాగ్మాను, ఒత్తిడి కింద ఉన్న ద్రవంగా ఊహించుకోండి. దానిలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, గంధకపు వాయువులు, హైడ్రోజన్ క్లోరైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్ కరిగి ఉంటాయి. మాగ్మా పైకి వస్తున్న కొద్దీ ఒత్తిడి తగ్గి ఇవి విడివడతాయి, కాని అన్నీ ఒకేసారి విడివడవు. మాగ్మాలో అన్నిటికంటే తక్కువగా కరిగేది కార్బన్ డయాక్సైడ్ కాబట్టి అది ఎంతో లోతులోనే ముందుగా బయటికి వస్తుంది. గంధకం ఆ తరువాత, నేల ఉపరితలానికి దగ్గర పడ్డాక వస్తుంది. క్లోరిన్, ఫ్లోరిన్ అన్నిటికంటే ఆలస్యంగా మాగ్మాను వదులుతాయి. ఈ వరుసకు మరో విషయం తోడవుతుంది. పైకి వచ్చే దారిలో భూగర్భజలం ఉంటే గంధకపు వాయువులను, హైడ్రోజన్ క్లోరైడును అది చాలా వరకు కడిగి తనలో కలుపుకుంటుంది. నీటిలో అంత తేలికగా కరగని కార్బన్ డయాక్సైడ్ మాత్రం దాటుకుని పైకి వచ్చేస్తుంది. కనుక ఒక సరస్సు నీటిలో ఏ వాయువు గుర్తులు ఉన్నాయో చూస్తే మాగ్మా ఎంత దగ్గరలో ఉందో, మధ్యలో ఏముందో ఊహించవచ్చు.

మాగ్మా దగ్గరగా ఉన్న సరస్సుకు ఇండోనేషియాలో జావా ద్వీపం తూర్పు కొసన ఉన్న కవా ఇజెన్ మంచి ఉదాహరణ. సుమారు ఒక కిలోమీటరు పొడవున పచ్చ, నీలం కలిసిన రంగులో చూడముచ్చటగా ఉంటుంది. కాని అది దాదాపు మూడు కోట్ల ఘనపు మీటర్ల ఆమ్లం. ఆమ్లతను తెలిపే కొలత అయిన పి.హెచ్. అక్కడ 0.5 కంటే తక్కువ. నిమ్మరసం పి.హెచ్. సుమారు 2 అని, ఒక్కొక్క అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరుగుతుందని గుర్తుంచుకుంటే ఇది ఎంత తీవ్రమో అర్థమవుతుంది. ఇలా కావడానికి కారణం గంధకమే. మాగ్మా నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ వేడి నీటిలో కలిసినప్పుడు తనలో తానే రెండుగా విడిపోతుంది: ప్రతి నాలుగు అణువులలో మూడు గంధకామ్లంగాను, ఒకటి కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడుగాను మారతాయి. పరిస్థితులు కొంచెం మారితే హైడ్రోజన్ సల్ఫైడుకు బదులు గంధకమే ముద్దలుగా ఏర్పడుతుంది. హైడ్రోజన్ క్లోరైడ్ కరిగి హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది. ఇన్ని ఆమ్లాలు కలిసిన నీరు చుట్టూ ఉన్న రాతిని తినేస్తుంది. రాతిలోని అల్యూమినియం, ఇనుము, మెగ్నీషియం, కాల్షియం కరిగి నీటిలోకి వస్తాయి. ఆ సరస్సు ఒక్క పక్క ద్రవరూపంలో ఉన్న ఆమ్లం, మరో పక్క ద్రవరూపంలో ఉన్న కొండ.

సరస్సు ఒడ్డున కూలీలు ఆవిరి రంధ్రాలకు గొట్టాలు అమర్చి వాయువును చల్లారేలా చేస్తారు. గొట్టం చివర ఎర్రగా కారే గంధకం చల్లబడి పసుపు రంగు పెచ్చులుగా గట్టిపడుతుంది. వాటిని గునపాలతో పగలగొట్టి, రెండు తట్టలలో నింపి, కావడి భుజాన వేసుకుని, ఒక్కొక్కరు డెబ్బై కిలోలకు పైగా బరువుతో బిలం గోడ ఎక్కుతారు. చాలామంది ముక్కుకు తడిగుడ్డ తప్ప మరే రక్షణా లేకుండా ఆ పొగలో పనిచేశారు. ఆ పొగ పీల్చినప్పుడు గొంతులో ఏర్పడేది కూడా ఆమ్లమే. సరస్సు రసాయనం గురించి మనం నిమ్మళంగా మాట్లాడుకునే ప్రతి వాక్యానికీ వాళ్ల ఊపిరితిత్తుల్లో ఒక అర్థం ఉంది.

కవా ఇజెన్ నుంచి ఊటగా కిందికి పారే వాగు పేరు బాన్యూ పాహిత్, అంటే చేదు నీరు. ఆ నీరు దిగువన అసెంబాగుస్ అనే మైదానంలో పొలాలకు పారుతుంది. మాగ్మా చివరగా వదిలే ఫ్లోరిన్ ఈ నీటితో పాటు ప్రయాణించి అక్కడి బావుల్లోకి చేరింది, అక్కడి పిల్లల పళ్ల మీద గారగా కనిపించింది. ఈ మాట చెప్పగానే మన సభలో చాలామందికి నల్లగొండ గుర్తుకు వచ్చి ఉంటుంది. నిజానికి మన దేశంలో ఫ్లోరైడ్ వ్యాధిని మొదట గుర్తించి నమోదు చేసింది కూడా తెలుగునేల మీదే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. అయితే మన దగ్గర అగ్నిపర్వతం లేదు. ఇక్కడ మన ఫ్లోరైడ్ గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి మెల్లగా కరిగి బావుల్లోకి వస్తుంది. మూలం వేరైనా మూలకం ఒకటే, పళ్లకూ ఎముకలకూ అది చేసే హాని ఒకటే. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు జావాకూ మనకూ సమానమే.

మరో మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఎక్కడ మాట్లాడినా ఈ ప్రశ్న వస్తుంది. మహారాష్ట్రలోని లోణార్ సరస్సు అగ్నిపర్వత బిలం కాదు. దక్కను నల్లరాతి మీద ఆకాశం నుంచి పడిన ఉల్క చేసిన గుంత అది. దాని నీరు ఆమ్లానికి సరిగ్గా ఎదురు, పి.హెచ్. 10 దగ్గర ఉండే గాఢమైన క్షారం. దాన్ని ఈ వరుసలో చేర్చవద్దు.

ఆమ్ల సరస్సులు మాగ్మా కదలికను ముందే చెప్పగలవు కూడా. న్యూజిలాండ్‌లోని రువాపెహు బిల సరస్సు నీటిలో శాస్త్రజ్ఞులు మెగ్నీషియం, క్లోరైడ్ నిష్పత్తిని దశాబ్దాలుగా కొలుస్తున్నారు. క్లోరైడ్ వాయువు నుంచి వస్తుంది, మెగ్నీషియం రాతి నుంచి వస్తుంది. పాత రాయి ఇప్పటికే ఆమ్లానికి అరిగి సారం కోల్పోయి ఉంటుంది కనుక మెగ్నీషియం హఠాత్తుగా పెరిగితే కింద తాజా శిల నీటికి తగిలిందని అర్థం. జపాన్‌లోని కుసత్సు షిరానే పర్వతం మీద ఉన్న యుగమా సరస్సులో తకానో అనే రసాయన శాస్త్రజ్ఞుడు మరో గుర్తును కనిపెట్టాడు. సల్ఫర్ డయాక్సైడూ హైడ్రోజన్ సల్ఫైడూ నీటిలో కలిసి పాలీథయోనేట్లు అనే గొలుసు అయాన్లుగా, అంటే గంధకపు పరమాణువులు గొలుసుగా కలిసిన విద్యుదావేశ కణాలుగా, ఏర్పడతాయి. కింది నుంచి సల్ఫర్ డయాక్సైడ్ రాక మితిమీరితే అవి చెదిరిపోతాయి. 1980ల ఆరంభంలో ఆవిరి పేలుళ్లకు ముందు ఆ అయాన్లు నీటిలో కనపడకుండా పోయాయని ఆయన 1987లో ప్రకటించాడు. ఆ సరస్సు మీద తేలే బోలు గంధకపు పూసలు కూడా ఇటువంటి సాక్ష్యాలే. అడుగున గంధకం 115 డిగ్రీలకు పైబడిన వేడిలో కరిగి మడుగుగా ఉన్నదని, దాని గుండా వాయు బుడగలు పైకి వస్తున్నాయని అవి చెబుతాయి.

ఇప్పుడు న్యోస్ దగ్గరికి తిరిగి వద్దాం. ప్రమాదం జరిగిన కొద్ది వారాల్లోనే అక్కడికి వెళ్లిన అమెరికా, జపాన్, ఫ్రాన్స్, కామెరూన్ తదితర దేశాల బృందాలు సరస్సు నీటిని లోతులవారీగా పట్టి చూశాయి. వారు వెతికింది నేను ఇంతవరకు వర్ణించిన గుర్తుల కోసమే. పేలుడు జరిగి ఉంటే అడుగు నీరు వేడెక్కి ఉండాలి. అక్కడ 23 నుంచి 25 డిగ్రీల లోపు వేడి మాత్రమే ఉంది. గంధకం ఉండాలి, లేదు. క్లోరైడ్ ఉండాలి, చెప్పుకోదగినంత లేదు. ఆమ్లం మండిపోతూ ఉండాలి. అడుగు నీటి పి.హెచ్. కూడా 5 దగ్గరే నిలిచింది. బురద కలగాపులగమై ఉండాలి. నీటిలో తేలే మట్టి అంతగా లేదు. ఉన్నదల్లా కార్బన్ డయాక్సైడ్, అది రాతిని కరిగించగా ఏర్పడిన బైకార్బనేటు, దానితో పాటు ఇనుము, మెగ్నీషియం, కాల్షియం, సోడియం. మాగ్మా ఎక్కడో లోతున ఉండి తన తొలి వాయువును మాత్రమే పైకి పంపుతోందని, మిగతావి దారిలోనే ఆగిపోయాయని దీని అర్థం.

మరి బతికినవాళ్లు కుళ్లిన గుడ్ల వాసన, తుపాకి మందు వాసన వచ్చిందని చెప్పారే? ఈ సాక్ష్యాన్ని పేలుడు పక్షం బలంగా ముందుకు తెచ్చింది, దాన్ని కొట్టిపారేయడం నాకూ ఇష్టం లేదు, చూసినవాళ్ల మాటకు విలువ ఉంది. దీనికి వైద్యులు ఇచ్చిన వివరణ ఏమంటే, కార్బన్ డయాక్సైడ్ గాఢంగా ఉన్నప్పుడు ముక్కులోని తడి పొరల మీద కార్బోనిక్ ఆమ్లంగా మారి ఘాటుగా గుచ్చుతుంది, మెదడులో లేని వాసనలను, లేని వేడిని కల్పిస్తుంది. గోలీ సోడా గబగబా తాగినప్పుడు ముక్కులోంచి మంట పైకి తన్నుకురావడం మీకందరికీ తెలిసిందే, అది ఆ ఘాటులో వెయ్యో వంతు అనుకోండి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదో వంతుకు చేరితే మనిషికి నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. కొందరి ఒంటి మీద కనిపించిన పుండ్లు కూడా కాలిన గాయాలు కావని, గంటల తరబడి స్పృహ లేక ఒకే పక్కన పడి ఉండడం వల్ల ఏర్పడినవే ఎక్కువని వైద్యులు తేల్చారు.

నీటిలోని ఈ వాయువు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు చెప్పింది మూడు రకాల పరీక్షలు. అవి చూపే ముందు ఈ బల్ల మీది గ్లాసును ఒకసారి చూడండి. ఇందులో ఉన్నది సున్నపు తేట, రాత్రి సున్నం నానవేసి పైన తేరిన నీటిని వడగట్టినది. గొట్టంతో ఇందులోకి ఊదుతున్నాను. నా ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి తెల్లటి సుద్దగా మారుతోంది, నీళ్లు పాలలా అయ్యాయి. ఇంకా ఊదుతూనే ఉంటాను. ఇదిగో, తెలుపు విరిగి మళ్లీ తేటపడుతోంది. సుద్ద మరికొంత వాయువును తీసుకుని బైకార్బనేటుగా కరిగిపోయింది. న్యోస్ అడుగున రాయి కరిగేది సరిగ్గా ఈ పద్ధతిలోనే, అక్కడి నల్లరాతి ఖనిజాలు ఈ సున్నం పాత్ర వహిస్తాయి. వాయువు నమూనా పట్టుకోవడానికి కూడా ఇదే ఉపాయం. న్యూజిలాండ్‌లో పనిచేసిన వెర్నర్ గిగెన్‌బాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గాలి తీసేసిన గాజు బుడ్డిలో కాస్టిక్ సోడా ద్రావణం పోసి ఆవిరి రంధ్రం దగ్గర తెరిచాడు. ఆవిరీ ఆమ్ల వాయువులూ ద్రావణంలో చిక్కుకుంటాయి, మిగిలిన నైట్రోజన్, హీలియం వంటివి పైన ఖాళీలో నిలుస్తాయి. అంత కొద్ది పాత్రలో ఒక అగ్నిపర్వతం ఊపిరిని పట్టి ఇంటికి తెచ్చుకునే ఆ పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది, ఆ బుడ్డికి ఆయన పేరే స్థిరపడింది.

ఇక ఆ మూడు పరీక్షల సంగతి. బతికున్న మొక్కలు గాలి నుంచి తీసుకునే రేడియోధార్మిక కార్బన్‌ను కార్బన్ 14 అంటారు. న్యోస్ వాయువులో అది దాదాపు లేదు. చెట్టూ చేమా కుళ్లి పుట్టిన వాయువైతే దానిలో అది ఉండి తీరాలి, కాబట్టి ఆకులు కుళ్లి ఈ వాయువు పుట్టిందన్న ఊహ అక్కడే కూలిపోయింది. మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన కార్బన్ 13 పాలు కూడా మొక్కల కార్బన్‌తో సరిపోలలేదు, భూగర్భపు లోతుల నుంచి వచ్చే వాయువుల పరిధిలో ఉంది. మూడో సాక్ష్యం హీలియం, నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది ఇదే. హీలియంలో రెండు రకాలుంటాయి. బరువైన హీలియం 4 యురేనియం, థోరియం వంటివి క్షీణించగా నేలలో నిత్యం పుడుతూనే ఉంటుంది. తేలికైన హీలియం 3 మాత్రం భూమి పుట్టినప్పుడు లోపల బందీ అయినది, దానికి కొత్తగా పుట్టే చోటు దాదాపు లేదు. న్యోస్ నీటిలో హీలియం 3 పాలు గాలిలోని దానికంటే అయిదు రెట్లకు పైగా ఉంది. అంటే ఆ వాయువు భూమి పై పొర కింద ఉన్న మాంటిల్ నుంచి వచ్చింది. అట్లాంటిక్ దీవుల నుంచి కామెరూన్ లోపలి దాకా వరుసగా సాగిన అగ్నిపర్వతాల గొలుసు మీద న్యోస్ ఉన్నది గనుక ఇందులో ఆశ్చర్యం లేదు.

కాబట్టి పుట్టుక అగ్నిపర్వతానిదే, కాని చంపింది పేలుడు కాదు. రెండు పక్షాలలోనూ సత్యం కొంత ఉంది. అడుగున మెల్లగా ఊరి వచ్చే కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి అక్కడే నిలిచిపోయింది. ఎందుకు నిలిచింది? న్యోస్ లోతు సుమారు 208 మీటర్లు. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున అడుగున సుమారు 21 వాతావరణాల ఒత్తిడి ఉంటుంది. ఒత్తిడి ఎంత పెరిగితే అంత వాయువు నీటిలో కరుగుతుందన్నది హెన్రీ నియమం, మన గోలీ సోడా సీసాకు గోలీ చేసే పని అదే. అప్పట్లో అక్కడి అడుగు నీరు ఒక్క లీటరు పైకి తెచ్చి తెరిస్తే సుమారు ఎనిమిది లీటర్ల వాయువు బుసబుసా వచ్చేది. వాయువూ, లవణాలూ కరిగిన ఆ నీరు పై నీటికంటే బరువు. చల్లటి దేశాల్లో శీతకాలం వస్తే పై నీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, సరస్సు ఏడాదికోసారైనా తిరగబడి ఊపిరి తీసుకుంటుంది. ఉష్ణమండలంలో అటువంటి శీతకాలం లేదు. బరువైన నీరు అడుగున, తేలికైన నీరు పైన, ఏళ్ల తరబడి పొరలు పొరలుగా అలాగే ఉండిపోతాయి.

ఇంత నిలవ ఉన్న చోట ఒక పొర కొంచెం పైకి లేస్తే చాలు. పైకి వచ్చిన కొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలు పుడతాయి, బుడగలతో ఆ నీరు తేలికై ఇంకా వేగంగా లేస్తుంది, వెనక మరింత నీటిని లాక్కొస్తుంది. కొండచరియ విరిగి పడడం, ఆగస్టు నెల వానలు, గాలులు పై నీటిని చల్లబరచడం, ఇటువంటి కారణాలు శాస్త్రజ్ఞులు చెబుతారు. గమనించవలసిన విషయం ఏమంటే రెండేళ్ల ముందు, 1984 ఆగస్టు 15న, అదే దేశంలోని మొనూన్ సరస్సు కూడా ఇలాగే 37 మందిని బలిగొన్నది. న్యోస్ సరస్సు ఎర్రబడ్డ రహస్యం కూడా ఇందులోనే ఉంది. అడుగున గాలి సోకని నీటిలో ఇనుము రంగు లేకుండా కరిగి ఉంటుంది. పైకి వచ్చి గాలి సోకగానే తుప్పుగా మారుతుంది. ఆ మర్నాటి ఎర్రటి నీరు చేతికందిన సాక్ష్యం, అడుగు నీరు ఉపరితలానికి వచ్చిందనడానికి అంతకంటే సూటి రుజువు అక్కర్లేదు.

ఇక్కడి నుంచి ఉపాయం దానంతట అదే తోస్తుంది. అడుగు దాకా ఒక గొట్టం దించి ఆ నీటిని కొంచెం కొంచెంగా పైకి తెచ్చి వాయువును గాలిలోకి వదిలితే నిలవ తగ్గుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ హల్బ్‌వాక్స్ బృందం 1992లో మొనూన్‌లో, 1995లో న్యోస్‌లో దీన్ని చిన్నగా పరీక్షించి చూసింది. 2001 జనవరిలో న్యోస్ మీద తెప్ప నుంచి 203 మీటర్ల పొడవు, 14.5 సెంటీమీటర్ల వ్యాసం గల ప్లాస్టిక్ గొట్టాన్ని దించారు. మొదట పంపుతో కొంచెం నీటిని పైకి లాగితే చాలు, ఆ తరువాత పంపు అవసరమే లేదు; గొట్టంలోనే బుడగలు పుట్టి నీటిని అవే పైకి తోస్తాయి. తెప్ప మీద సుమారు 50 మీటర్ల ఎత్తున తెల్లటి నీటి ధార లేచింది. మనుషుల్ని చంపిన బలమే, గొట్టంలో బంధిస్తే, తనను తాను ఖాళీ చేసుకునే యంత్రమైంది. మొనూన్‌లో 2003లో ఒక గొట్టం, 2006లో మరో రెండు అమర్చారు. న్యోస్‌లో ఒక్క గొట్టం నెమ్మది అని తేలడంతో 2011లో ఇంకా రెండు పెద్ద గొట్టాలు చేర్చారు.

ఇన్నేళ్ల ఆలస్యం నన్ను బాధపెడుతుంది. గొట్టం ఖరీదైన వస్తువు కాదు, అందులోని రసాయనం 1987 నాటికే స్పష్టమైంది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని పునరావాస శిబిరాల్లో తలదాచుకున్న వేల మంది మాత్రం పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు ఎదురుచూశారు. ఈలోపు సరస్సు అడుగున వాయువు మళ్లీ పేరుకుంటూనే ఉంది.

దీనికి తోడు మరో ప్రమాదం ఉండేది. న్యోస్ ఉత్తరపు వైపున నీటిని ఆపుతున్నది పొడిబారిన అగ్నిపర్వతపు గుల్లరాయితో ప్రకృతి కట్టిన సుమారు 40 మీటర్ల కట్ట. అది కోసుకుపోతోందని తేలింది. కట్ట తెగితే కింద నైజీరియా దాకా వరద అన్నది ఒక భయం. నీటిమట్టం 40 మీటర్లు పడిపోతే అడుగున నాలుగు వాతావరణాల ఒత్తిడి తగ్గి, కరిగిన వాయువు మళ్లీ పొంగవచ్చన్నది రెండో భయం. చెరువు కట్ట తెగితే ఊరు మునగడం మనకు తెలిసిన కష్టమే, కాని తెగిన కట్ట నీటిలోంచి విషవాయువును కూడా లేపుతుందని ఊహించడానికి ఆ ఒత్తిడి లెక్క తెలియాలి. అందుకే వాయువును తీయడంతో పాటు కట్టను కాంక్రీటుతో బలపరచవలసి వచ్చింది.

2019 నాటికి న్యోస్ అడుగున నిలవ చాలా తగ్గింది, గొట్టాల ధారల ఎత్తు కూడా తగ్గిపోయింది. అయినా భూగర్భం నుంచి వాయువు రాక ఆగలేదు, అది మాగ్మా ఉన్నన్నాళ్లూ ఆగదు కూడా. కనుక రోజూ వచ్చే కొత్త వాయువును రోజూ బయటికి పంపడానికి గొట్టం అక్కడ ఉండాలి, మరల పేరుకుంటున్నదా లేదా తెలియడానికి లోతులవారీగా నీటిని పట్టి చూస్తూ ఉండాలి. ఆ పట్టిన సీసా మూత తీసినప్పుడు బుస ఎంత వస్తుందో, దానిలోని కార్బన్ డయాక్సైడ్ ఎంతో, లోయలోకి తిరిగి వచ్చి పొలాలు దున్నుకుంటున్న కుటుంబాల భద్రతకు అదే కొలత.

మీరు ప్రశ్నలు అడగవచ్చు.